వెనక తలుపు మీద రెండు సైకిళ్లు

పెంతెకొస్తు పండగకు బవేరియా బడులకు రెండు వారాలు సెలవులిస్తారు. ఆ సెలవులకు ముందు శుక్రవారం సాయంత్రం మ్యూనిక్ శివారు వీధుల్లో నడిస్తే చాలా ఇళ్ల ముందు ఒకటే పని సాగుతుంటుంది. ఒకరు సైకిలును ఎత్తి పట్టుకుంటారు, ఇంకొకరు చిన్న స్టూలెక్కి బెల్టులు బిగిస్తుంటారు. తెల్లారేసరికి ఆ బళ్లు ఎ8 మోటార్‌వే ఎక్కి, దక్షిణానికి మళ్లి, కుఫ్‌స్టైన్ దగ్గర ఆస్ట్రియాలోకి దిగుతాయి. ఇన్ నది లోయ వెంట ఇన్స్‌బ్రుక్, అక్కడి నుంచి బ్రెన్నర్ కనుమ, కనుమ దాటితే ఇటలీ. చాలామందికి చివరి మజిలీ గార్డా సరస్సు.

ఆ బారులో ఒక తెల్లని ఫియట్ డుకాటో ఉంది. మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు జంట సెలవుల కోసం అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాన్ అది. ఆమెది గుంటూరు, అతనిది కరీంనగర్. వ్యాను లోపల మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, టాయిలెట్ అన్నీ ఉన్నాయి. 1981లో మొదలైన డుకాటో మీదే యూరప్‌లో చాలా కంపెనీలు ఇలాంటి ఇళ్లు కడుతున్నాయి. అందులో బాగా నడిచేది 5.99 మీటర్ల పొడవు రకం. మామూలు కారు లైసెన్సుతో నడపగలిగేది 3.5 టన్నుల లోపు బండినే కాబట్టి, ఆ హద్దులో ఒక సంసారాన్ని ఇమడ్చడమే ఈ బళ్లు కట్టేవాళ్ల పనితనం.

ఇన్ని వసతులున్న బండికి సైకిళ్లెందుకు? మొదటి రాత్రి మజిలీలోనే జవాబు దొరుకుతుంది. క్యాంపర్ ఒకసారి నిలబడితే ఇల్లైపోతుంది. చక్రాల కింద దిమ్మలు పెట్టి బండిని సమం చేస్తారు, కరెంటు తీగ తగిలిస్తారు, పక్కన పందిరి గుడ్డ లాగుతారు, బల్లా కుర్చీలూ బయట పరుస్తారు. పొద్దున రొట్టె కావాలంటే ఇదంతా మళ్లీ సర్దాలి. సర్దుకుని బయల్దేరినా ఊళ్లోకి పోవడం కుదరదు. ఇటలీ పాత పట్టణాల నడిబొడ్డున బయటి వాహనాలకు ప్రవేశం లేని ప్రాంతాలుంటాయి. కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. రెండున్నర మీటర్లు దాటిన ఎత్తుతో భూగర్భ పార్కింగుల్లోకీ దూరలేరు. వ్యాను ఊరి దాకా తీసుకెళ్తుంది, ఊళ్లోకి తీసుకెళ్లేది సైకిలే.

ఆ సైకిలును వందల కిలోమీటర్లు మోసుకెళ్లే సరంజామా చూడ్డానికి నాలుగు అల్యూమినియం గొట్టాలు, రెండు పట్టాలు, కొన్ని బెల్టులు, అంతే. కానీ దాని వెనక పెద్ద పరిశ్రమే ఉంది. స్వీడన్‌లో 1942లో ఎరిక్ థులిన్ మొదలుపెట్టిన థూలే కంపెనీ తొలి సరుకు పైక్ చేపలు పట్టే బోను. ఆ తర్వాతెప్పుడో కారు పైకప్పు ర్యాకులకు, అక్కడి నుంచి సైకిల్ ర్యాకులకు వచ్చింది. ఇటలీలో 1945లో పుట్టిన ఫియామ్మా కంపెనీ 'క్యారీ బైక్' పేరుతో చేసే ర్యాకులు యూరప్ క్యాంపర్ల వెనక ఎక్కడ చూసినా కనబడతాయి.

ర్యాకులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వ్యాను వెనక తలుపులనే పట్టుకుని ఉండేది. తలుపు కీళ్ల దగ్గరా అంచుల దగ్గరా బిగించిన పట్టీలే దాని బరువంతా మోస్తాయి. రెండోది ట్రైలరు తగిలించే ఇనుప బంతి మీద కూర్చునేది. రెండోది నేలకు దగ్గరగా ఉంటుంది, సైకిలును మోకాలి ఎత్తుకు లేపితే చాలు, బరువు కూడా ఎక్కువ మోస్తుంది. కానీ ఆ బంతి అన్ని బళ్లకూ ఉండదు. అద్దె వ్యాన్లలో ఎక్కువగా దొరికేది తలుపు ర్యాకే. దాని మీద ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. రెండు సైకిళ్లు, మొత్తం 35 కిలోలు.

ఈ జంట ప్రయాణాన్ని నడిపించింది ఆ అంకె.

వాళ్లు మొదట అనుకున్నది రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు. ఆశ్చర్యమేమీ లేదు. 2023లో జర్మనీలో మొదటిసారిగా మామూలు సైకిళ్ల కంటే ఎలక్ట్రిక్ సైకిళ్లే ఎక్కువ అమ్ముడుపోయాయి: ఎలక్ట్రిక్‌వి సుమారు 21 లక్షలు, మామూలువి సుమారు 19 లక్షలు. అయితే ఒక్కో ఎలక్ట్రిక్ సైకిలు 24, 25 కిలోలుంటుంది. బ్యాటరీ ఊడదీసి వ్యాను లోపల పెడితే మూడు కిలోలు తగ్గుతుంది. అప్పుడు కూడా రెండూ కలిపి 42 కిలోల పైమాటే. "ఏడు కిలోలేగా ఎక్కువ, ఏమవుతుందిలే" అని అతనంటే ఆమె ఒప్పుకోలేదు. "నిలబడ్డ బండికి ఏడు కిలోలే. గతుకులో పడి లేచినప్పుడు అది ఏడుగా ఉంటుందా? ఊడితే మన మీద పడదు, వెనకొచ్చే వాళ్ల మీద పడుతుంది" అంది. చివరికి ఇంట్లో ఉన్న మామూలు సైకిళ్లే తీశారు. అతనిది 16 కిలోలు, ఆమెది 15. మొత్తం 31.

ఆమె మాటలో పూర్తి భౌతికశాస్త్రం ఉంది. తలుపు కీళ్లు తయారైంది తలుపును మోయడానికి. వాటికి సైకిళ్లు తగిలిస్తే ప్రతి గతుకు దగ్గరా అవి పైకీ కిందికీ లాగుతాయి. పరిమితికి మించిన బరువుతో కొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే కీళ్ల దగ్గర రేకు బీటలిస్తుంది, తలుపు వాలిపోతుంది, రబ్బరు సందులోంచి వాన నీళ్లు దిగుతాయి. ఇవన్నీ ఒక్క రోజులో జరిగేవి కావు. అద్దె బండి అయితే పాపం తర్వాత తీసుకున్నవాళ్ల నెత్తిన పడుతుంది.

బరువు ఎక్కడ వేలాడుతుందన్నది ఎంత ఉందన్నంత ముఖ్యం. 5.99 మీటర్ల డుకాటోలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 4.035 మీటర్లు. వెనక ఇరుసు తర్వాత బండి ఇంకో మీటరు పొడుగుంటుంది. తలుపు మీద వేలాడే సైకిళ్ల భారకేంద్రం ఆ ఇరుసుకు సుమారు 1.4 మీటర్ల వెనక పడుతుంది. అంటే ఏతాం కొసన నిలబడ్డ మనిషి బరువులా అది పనిచేస్తుంది. ర్యాకూ సైకిళ్లూ కలిపి 40 కిలోలనుకుంటే, వెనక ఇరుసు మీద పడేది 40 కాదు, సుమారు 54. మిగతా 14 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి తగ్గుతాయి. డుకాటోను లాగేది ముందు చక్రాలు. వాటి మీద భారం తగ్గితే తడి గడ్డిలో, బురద ఎత్తులో అవి ఊరికే తిరుగుతాయి. అందుకే ర్యాకు నిండా బరువు పెట్టుకున్నప్పుడు నీళ్ల క్యాన్లు, ఉల్లిపాయలు, బియ్యం మూట వెనక మంచం కింద వేయకుండా వీలైనంత ముందుకు జరపాలి. ఈ జంట పదికిలోల సోనా మసూరి సంచిని డ్రైవరు సీటు వెనకకు మార్చింది అందుకే.

సైకిళ్లు ఎక్కించడానికి ఒక వరస ఉంది. బరువైన సైకిలు ముందు, అంటే బండికి ఆనుకుని ఉండే పట్టాలో. రెండోది దానికి ఎదురు దిక్కుగా, ఒకదాని హ్యాండిల్ ఉన్న వైపు ఇంకోదాని వెనక చక్రం వచ్చేట్టు. లేకపోతే రెండు హ్యాండిళ్లూ కొట్టుకుంటాయి. పెడల్ వెళ్లి రెండో సైకిలు ఊచల్లో దూరకుండా తిప్పి పెట్టాలి. ఫ్రేమును పట్టుకునే చేతి గొట్టం బిగించాక రెండు చక్రాలకూ పట్టీలు వేయాలి. వీటన్నిటి మీదా ఒక పొడుగాటి బెల్టు రెండు సైకిళ్లనూ ర్యాకునూ చుట్టి రావాలి. చేతి గొట్టం వదులైనా, ఒక పట్టీ తెగినా ఆ బెల్టు కాచుకుంటుంది. కార్బన్ ఫ్రేము సైకిలైతే చేతి గొట్టంతో గట్టిగా నొక్కకూడదు, లోపల కనబడకుండా పగుళ్లిస్తుంది. పై గొట్టం లేని ఆడవాళ్ల సైకిలుకు సీటు కింద నుంచి హ్యాండిల్ దాకా ఒక తాత్కాలిక కడ్డీ తగిలించాలి. లైట్లు, పంపు, నీళ్ల సీసా, హ్యాండిల్ సంచీ, పిల్లల సీటు అన్నీ ఊడదీసి లోపల పెట్టాలి. గాలికి ఊడిపోయేవి ముందుగా ఇవే.

"నీదే ముందు ఎత్తు, అదే బరువు."

"ఎత్తానులే, పెడల్ చూడు, నా హ్యాండిల్‌కి తగులుతోంది."

ఎక్కించాక ఒకరు బండి స్టార్టు చేసి బ్రేకూ ఇండికేటర్లూ వేస్తే, ఇంకొకరు ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూడాలి. వెనక లైట్లు, పైనున్న మూడో బ్రేకు లైటు, నంబర్ ప్లేటు అన్నీ కనబడుతున్నాయా? డుకాటో వెడల్పు 2.05 మీటర్లు, సైకిలు పొడవు సుమారు 1.8 మీటర్లు. కాబట్టి పక్కలకు బయటికి పొడుచుకు రావు. కానీ హ్యాండిల్ కొమ్ము సరిగ్గా లైటుకు అడ్డం రావడం మామూలే. జర్మనీలో లైట్లు మూసుకుపోతే వాటికి బదులుగా వేరే లైట్ల పట్టీ, ప్లేటు కనబడకపోతే రెండో ప్లేటు తగిలించాలి. ఆస్ట్రియాలో నమోదైన బళ్లకైతే ర్యాకు కోసమే ఎర్రని నంబర్ ప్లేటు ఇస్తారు.

ఇటలీకి ఇంకోటి కావాలి. బండి వెనక నుంచి పొడుచుకు వచ్చిన ఏ సామాను మీదైనా 50 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న పలక కట్టాలి. ఎరుపు తెలుపు ఏటవాలు చారలు, వెలుతురు పడితే మెరిసే పూత, ఆమోద ముద్ర. స్పెయిన్‌లోనూ ఇలాంటిదే అడుగుతారు. అక్కడ సామాను బండి వెడల్పంతా ఉంటే రెండు పలకలు. ఇది జరిమానాకు భయపడి కట్టుకునే అలంకారం కాదు. ఇటలీ వైపు మోటార్‌వేలో సొరంగం తర్వాత సొరంగం వస్తుంది. ఎండలోంచి చీకట్లోకి దూరిన డ్రైవరుకు ఒకటి రెండు క్షణాలు కళ్లు ఆనవు. ముందున్న బండి తలుపు ఎక్కడుందో అతనికి తెలుస్తుంది, తలుపుకు అరమీటరు వెనక ఉన్న నల్లని హ్యాండిల్ కొస తెలియదు. ఆ అరమీటరును చూపించేది చారల పలక.

బయల్దేరిన మొదటి అరగంట బెల్టులకు పరీక్ష. కొత్తగా బిగించిన పట్టీలు సాగుతాయి, టైర్లు పట్టాలో కూర్చుంటాయి, నిన్న గట్టిగా ఉన్నది ఇవాళ వేలు దూరేంత వదులవుతుంది. అందుకే ఇరవై ముప్పై కిలోమీటర్లకే ఒకసారి ఆగి చూడాలి. మ్యూనిక్ నుంచి వచ్చేవాళ్లకు ఇర్షెన్‌బెర్గ్ గుట్ట దగ్గరి విడిది దాదాపు ఆ సమయానికే వస్తుంది. అక్కడ సెలవుల శనివారం పొద్దున కాఫీ కప్పుతో ఒక చేయి, బెల్టు మీద ఇంకో చేయి పెట్టిన మనుషులు వరసగా కనబడతారు. ఈ జంట పట్టీలు రెండు పళ్ల మేర బిగిశాయి.

ఆస్ట్రియా వైపు టిరోల్‌లో ఇన్ లోయ మీద పొగ పేరుకోకుండా మోటార్‌వే వేగం చాలా చోట్ల గంటకు 100 కిలోమీటర్లకు కట్టడి చేశారు. ర్యాకు ఉన్న బండికి ఆ వేగమే సుఖం. థూలే పుస్తకాల్లో గంటకు 130 దాటొద్దని ఉంటుంది కానీ, వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుందని గుర్తుంటే ఎవరూ అంతదాకా పోరు. చక్రాలు గాలికి తిరక్కుండా చూసుకోవాలి. సైకిళ్ల మీద టార్పాలిన్ కప్పడం విషయంలో కూడా జాగ్రత్త కావాలి. వానలో వ్యాను వెనక గాలి సుడి తిరిగి రోడ్డు మీది మురికి నీళ్లను సైకిళ్ల చైన్ల మీదికే లాగి కొడుతుంది, అది నిజమే. కానీ వదులుగా కప్పిన టార్పాలిన్ తెరచాపలా ఉబ్బి ర్యాకునంతా గుంజుతుంది, లైట్లను మూసేస్తుంది. బ్యాటరీ తీసిన ఎలక్ట్రిక్ సైకిలైతే కరెంటు పిన్నులున్న చోట మాత్రం తప్పక మూత పెట్టాలి.

ఇన్స్‌బ్రుక్ దాటగానే రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. 1963లో తెరిచిన యూరప్ వంతెన సిల్ నది మీద 190 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. లోయలోంచి వచ్చే గాలి అక్కడ పక్క నుంచి కొడుతుంది. ఎత్తైన వ్యాను మామూలుగానే ఊగుతుంది, వెనక సైకిళ్లుంటే తోక ముందు కదిలి తల తర్వాత కదిలినట్టుంటుంది. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, లారీని దాటే పని పెట్టుకోకుండా, కుడి వరసలో నెమ్మదిగా పోవడమే అక్కడ తెలివి. ఆ పైన 1,370 మీటర్ల ఎత్తులో బ్రెన్నర్. ఆల్ప్స్ ప్రధాన శ్రేణిని దాటే పెద్ద రోడ్లలో ఇదే బాగా తక్కువ ఎత్తు కనుమ కాబట్టి, రోమన్ల కాలం నుంచీ ఉత్తర దక్షిణాల రాకపోకలు ఎక్కువగా దీని మీదే.

ఎలక్ట్రిక్ సైకిళ్లు వదిలేయడం వల్ల వాళ్ల దారి మారిందన్నది ఇక్కడి నుంచే తెలుస్తుంది. మోటారు లేదు కాబట్టి కొండలు ఎక్కడానికి ఇంకో ఉపాయం కావాలి. కనుమ దిగాక 948 మీటర్ల ఎత్తులో ఉన్న స్టెర్జింగ్‌లో వ్యాను నిలబెట్టారు. మర్నాడు పొద్దున సైకిళ్లతో లోకల్ రైలెక్కారు. సైకిలుకు వేరే టికెట్టు. బ్రెన్నర్ స్టేషన్లో దిగి, కిందికి తొక్కుకుంటూ బండి దగ్గరికి తిరిగొచ్చారు.

ఆ దిగుడు దారి చాలా మేరకు ఒకప్పటి రైలు మార్గం. కార్ల్ ఫాన్ ఎట్సెల్ రూపకల్పన చేసిన బ్రెన్నర్ రైలు 1867లో మొదలైంది. ఆయన దాన్ని చూడకుండానే 1865లో చనిపోయాడు. ఆవిరి ఇంజన్లు ఎక్కగలిగేట్టు వాలు తగ్గించడానికి పట్టాలను ఫ్లెర్ష్ అనే పక్కలోయలోకి తిప్పి తీసుకొచ్చాడు. 1999లో కొత్త సొరంగం తెరిచాక ఆ పాత మెలిక ఖాళీ అయింది. ఇప్పుడు దాని మీద తారు పోసి సైకిలు దారి చేశారు. ఇంజన్ల కోసం కొలిచిన వాలు కాబట్టి ఎక్కడా బ్రేకులు గట్టిగా నొక్కాల్సిన పని రాదు. పాత సొరంగంలోకి దూరితే పైన దీపాలు, కింద చల్లగాలి, బయటికి రాగానే కాళ్ల కింద లోయ, లోయకు అవతల మోటార్‌వే స్తంభాలు. నిన్న అదే మోటార్‌వే మీద ఈ కొండను చాలా తొందరగా దాటేశారు. ఇవాళ ప్రతి వంపూ తెలిసింది.

స్టెర్జింగ్ నుంచి ఇంకా దక్షిణానికి దిగితే బొల్జానో దగ్గర ఇసార్కో నది ఆదిజె నదిలో కలుస్తుంది. 1991లో మంచులో దొరికిన ఐదు వేల ఏళ్ల నాటి ఊట్సీ మనిషిని దాచిన మ్యూజియం ఈ ఊళ్లోనే ఉంది. ఇక్కడి నుంచి లోయ వెడల్పవుతుంది, రెండు వైపులా ఆపిల్ తోటలు. ఇటలీలో పండే ఆపిళ్లలో దాదాపు సగం ఈ దక్షిణ టిరోల్ ప్రాంతానివే. నది గట్టు మీద సైకిలు దారి తోటల మధ్యనుంచి సాగుతుంది, దారి పక్కన సైక్లిస్టుల కోసమే పెట్టిన కాఫీ హోటళ్లు, పంక్చరు సామాన్లు.

ఈ లోయలో గాలికి వేళలున్నాయి. మధ్యాహ్నం గార్డా వైపు నుంచి 'ఓర' అనే దక్షిణపు గాలి లేచి ఆదిజె లోయలోకి ఎదురెక్కుతుంది. నది దక్షిణానికి దిగుతోంది కదా, తొక్కడం సులువనుకుని మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు ఆ గాలికి ఎదురొడ్డి చెమటలు కక్కుతారు. ఈ జంట ట్రెంటో శివారులో బండి పెట్టి, పొద్దున్నే గాలి లేవకముందు దక్షిణానికి రోవెరెటో వైపు తొక్కింది. ఎడమ చేతి వైపు గుట్ట మీద బెసెనో కోట కనబడుతూ వచ్చింది. రోవెరెటోలో మొదటి ప్రపంచ యుద్ధపు ఫిరంగుల కంచు కరిగించి పోసిన పెద్ద గంట ఉంది. యుద్ధాల్లో చనిపోయిన అన్ని దేశాల వాళ్ల కోసం రోజూ సాయంత్రం నూరుసార్లు మోగుతుంది. భోజనం చేసి వెనక్కి తిరిగేసరికి ఓర వీపు మీద చేయి వేసి తోసింది. ట్రెంటోకు వచ్చాక సైకిళ్ల మీదే పాత పట్టణంలోకి పోయారు. 1545 నుంచి 1563 దాకా క్యాథలిక్ మహాసభ నడిచిన కెథడ్రల్ చౌకు, రెంజో పియానో కట్టిన 2013 నాటి సైన్సు మ్యూజియం, మధ్యలో ఐస్‌క్రీము. వ్యాన్లో వచ్చి ఉంటే కెమెరా బోర్డు దగ్గరే ఆగిపోయేవాళ్లు.

చివరి మజిలీ గార్డా ఉత్తరపు కొసన టోర్బొలే. ఇటలీలో అతి పెద్ద సరస్సు ఇది, సుమారు 370 చదరపు కిలోమీటర్లు. 1786 సెప్టెంబరులో జర్మన్ కవి గోథే కూడా బ్రెన్నర్ దాటి ఈ ఊరికే వచ్చాడు. ఒడ్డున బండి పెట్టి, మర్నాడు ఇద్దరూ మోరి ఊరి వైపు సైకిలు దారి పట్టారు. సరస్సు మట్టం 65 మీటర్లు, సాన్ జొవాన్ని కనుమ 287 మీటర్లు. నాగో ఊరి దగ్గర వాలు నిటారుగా ఉంటుంది. అక్కడ దిగి తోశారు. కనుమ అవతల లొప్పియో ఉంది. ఒకప్పుడు సరస్సు. ఆదిజె వరదను గార్డాలోకి మళ్లించే సొరంగం తవ్వుతున్నప్పుడు, 1950ల చివర్లో, దాని నీళ్లు ఇంకిపోయాయి. ఇప్పుడు రెల్లు, బురద, పక్షులు, వానలు ఎక్కువైన ఏడాది కాసిని నీళ్లు.

ఈ దారికి ఆరొందల ఏళ్లకు కాస్త తక్కువ వయసున్న కథ ఒకటుంది. 1439 నాటికి మిలాన్ సైన్యం బ్రెషా నగరాన్ని ముట్టడించి ఉంది. గార్డా దక్షిణపు ఒడ్డు మిలాన్ చేతిలో ఉంది. నగరానికి సాయం పంపాలంటే వెనిస్‌కు గార్డా మీద నౌకలు కావాలి, గార్డాలోకి సముద్రం నుంచి వచ్చే దారి వాళ్లకు లేదు. వెనిస్ వాళ్లు నౌకలను ఆదిజె నదిలో ఎదురెక్కించి మోరి దాకా తెచ్చారు. అక్కడ నేల మీదికి లాగి, దుంగల మీద దొర్లిస్తూ, వందలాది ఎద్దులు కట్టి లొప్పియో సరస్సు దాకా ఈడ్చారు. సరస్సులో తేల్చి దాటించి, మళ్లీ కనుమ ఎక్కించి, టోర్బొలే వైపు తాళ్లతో పట్టి ఆపుకుంటూ నీళ్లలోకి దించారు. ఎక్కించడం కంటే దించడమే కష్టం. తాడు జారితే నౌక కింద ఉన్న మనుషులంతా పోతారు. మరుసటి ఏడాది గార్డా మీద వెనిస్ గెలిచింది.

నీళ్ల మీద నడిచే బండిని నేల మీద మోసుకుపోవడానికి అన్ని తాళ్లు, అంత మంది. ఆ దారి మీద ఈ కథ చెప్పే బోర్డు ముందు ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నాగో దగ్గర మలుపు తిరగ్గానే గార్డా మొత్తం ఒక్కసారిగా కింద పరుచుకుంది. రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టి మెల్లగా దిగారు.

టోర్బొలే, రీవా ఊళ్ల మధ్య ఒడ్డు వెంట సైకిలు దారి చదునుగా ఉంటుంది. రీవా నుంచి లెద్రో లోయకు కొండ చెక్కి 1851లో పూర్తి చేసిన పొనాలె రోడ్డు ఇప్పుడు కార్లకు లేదు, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే. ఇరుకు రోడ్ల మీద సెలవుల రద్దీలో ఆరు మీటర్ల వ్యాను ఒక్క అడుగు కదపడానికి తంటాలు పడుతుంటే, వీళ్లు కూరగాయల సంత, సాయంత్రపు ఈత, పిజ్జా అన్నీ సైకిలు మీదే కానిచ్చుకున్నారు. సరస్సు దాటే ఫెర్రీ ఎక్కాలనుకున్న రోజున ఇంకో సంగతి బయటపడింది. ఫెర్రీ ధర బండి పొడవును బట్టి ఉంటుంది, పొడవంటే కాగితాల్లో ఉన్న 5.99 కాదు, ర్యాకూ సైకిళ్లూ కలుపుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా. ర్యాకు తెరిస్తే ఆరున్నర మీటర్లు దాటుతుంది. బండిని వెనక్కి తీసేటప్పుడూ అంతే. కెమెరాకు సైకిలు చక్రం తప్ప ఏమీ కనబడదు, సెన్సరు అరుస్తూనే ఉంటుంది. ఒకరు దిగి వెనక నిలబడి చేయి ఊపాల్సిందే.

ఈ జాగ్రత్తలు మన దగ్గరా అవసరమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిలు ట్రాక్ తెరిచాక, ఆదివారం పొద్దున కార్ల వెనక సైకిళ్లు కట్టుకొచ్చేవాళ్లు తెలుగు నేల మీదా కనిపిస్తున్నారు. డిక్కీకి బెల్టులతో తగిలించే చవక ర్యాకులు ఎక్కువ. వాటితో నంబర్ ప్లేటు మూసుకుపోవడం మామూలు, అది మన చట్టం ప్రకారం కూడా తప్పే. చారల పలక మన దగ్గర ఎవరూ అడగరు. అడగకపోయినా ఒక ఎర్ర గుడ్డ, ఒక మెరిసే స్టిక్కరు కట్టుకోవడానికి ఖర్చేమీ కాదు. ఔటర్ మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెనకొచ్చే బండికి ఆ అరమీటరు కనబడాలి.

గార్డా నుంచి ఈ జంట తిరుగు ప్రయాణం రోజున వ్యాను బరువు పెరిగింది. ఆలివ్ నూనె సీసాలు, ఆపిళ్ల పెట్టె, సరస్సు ఒడ్డున ఏరిన గుండ్రాళ్లు. బియ్యం సంచి ఖాళీ అయిన చోట నూనె సీసాలు, సీటు కాళ్ల దగ్గర ఆపిళ్లు సర్దారు. సైకిళ్లు అదే వరసలో ఎక్కాయి: అతనిది లోపల, ఆమెది బయట, పెడల్ తిప్పి, పట్టీలు లాగి, పొడుగు బెల్టు చుట్టి, చారల పలక కట్టి. రోవెరెటో దాటాక మోటార్‌వే విడిదిలో ఆగి బెల్టులు చూసుకున్నారు. పక్కనే డచ్చి నంబరు వ్యాను ఒకటి ఆగింది. దాని ర్యాకు మీద మూడు సైకిళ్లు. బయటి సైకిలు ముందు చక్రం గాలికి గిర్రున తిరుగుతోంది, దాని పట్టీ ఊడి నేలకు ఆనుతోంది. ఆమె వెళ్లి కిటికీ తట్టింది. డ్రైవరు దిగి చూసి తల పట్టుకున్నాడు. పట్టీ బకిలు విరిగింది. కరీంనగర్ మనిషి వంటగట్టు కింది డబ్బాలోంచి మిగులు బెల్టు తీసిచ్చాడు, ఇద్దరూ కలిసి చక్రానికీ పట్టాకూ రెండు చుట్లు వేసి బిగించారు. ఆమె ఇరవై అడుగులు వెనక్కి నడిచి, బ్రేకు వేయమని చేయి ఊపింది. మూడు లైట్లూ వెలిగాయి. డచ్చి వ్యాను ముందు కదిలింది, దాని వెనకే డుకాటో.